బస్సును ఇల్లు చేసుకుందాం – 4వ పాఠం: పొద్దుటి పొగ, ఎత్తు మీద వేడి

పోయిన పాఠంలో డీజిల్ ఫిల్టర్లు మార్చి, లైన్లలో గాలి తీశాం. ఇవాళ ఇంజిన్ స్టార్ట్ చేద్దాం. అమెరికాలో ఇల్లుగా మార్చుకునే పాత ఎంసీఐ కంపెనీ కోచ్‌లే (దూరప్రయాణాల బస్సులే) మన పాఠం కాబట్టి, వాటిలో చాలావాటికి ఉండే డెట్రాయిట్ డీజిల్ కంపెనీ టూ-స్ట్రోక్ 8వీ71 ఇంజిన్‌నే తీసుకుంటున్నాను.

చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే వెనకంతా తెల్లపొగ కమ్మేస్తుంది. బండి కొత్తగా కొన్నవాళ్లకి ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్. ముందు ఆ పొగ వాసన చూడండి. కళ్లు మండిస్తూ పచ్చి డీజిల్ వాసన వస్తే, అది కాలని డీజిల్ తుంపర. స్టార్టింగ్‌కి ముందు సిలిండర్లని కరెంటుతో వేడి చేసే గ్లో ప్లగ్గులు ఈ ఇంజిన్‌కి లేవు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి కొన్ని సిలిండర్లు మండుతాయి, కొన్ని డీజిల్‌ని ఊరికే బయటికి ఊదేస్తాయి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత పొగ మాయమైతే భయం లేదు. అప్పుడు కూడా తెల్లగానే వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం బండి కదపకండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

చలి పొగకి మందు ఒకటే: బ్లాక్ హీటర్, అంటే ఇంజిన్‌ని కరెంటుతో ముందే వేడి చేసే హీటర్. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ప్లగ్ పెట్టండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, కాలిపోతుంది. ఇంజిన్ తేలిగ్గా అంటుకోవాలని కొట్టే ఈథర్ స్ప్రే జోలికి అసలు పోవద్దు.

స్టార్ట్ అయ్యాక చాలామంది చేసే తప్పు, బండిని ఐడిల్‌లో వదిలేసి కాఫీకి వెళ్లడం. దాదాపు 500 ఆర్పీఎం దగ్గర ఈ ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. అందుకే ఫాస్ట్ ఐడిల్ స్విచ్ వేసి 1000 దగ్గర ఉంచండి. ఎయిర్ బ్రేకులకి గాలి నిండగానే నెమ్మదిగా కదలండి. నడుస్తుంటేనే ఇది సరిగ్గా వేడెక్కుతుంది.

నీళ్ల వేడి 160 నుంచి 185 ఫారన్‌హీట్, అంటే 71 నుంచి 85 సెల్సియస్ మధ్య ఉండాలి. ఇప్పుడు అసలు పరీక్ష: కాలిఫోర్నియాలో ఐ-5 హైవే మీద గ్రేప్‌వైన్ అనే ఎత్తు. 6 శాతం దాకా వాలు, మైళ్ల కొద్దీ ఎక్కుడే. ఎక్కేకొద్దీ వేగం పడిపోతుంటే కాలు ఇంకా నొక్కాలనిపిస్తుంది. నొక్కితే నల్లపొగ వస్తుంది. గాలికి మించి డీజిల్ పోతోందన్న మాట. నీళ్ల పంపు, ఫ్యాను రెండూ ఇంజిన్‌తోనే తిరుగుతాయి. ఆర్పీఎం పడిపోతే వేడి పెరుగుతుంది, చల్లబరిచే శక్తి తగ్గుతుంది. కాబట్టి ముందే గేరు దించండి, 1900 పైన తిప్పండి, పొగ పోయేదాకా కాలు తేలిక చేయండి. నీళ్ల వేడి 195 ఫారన్‌హీట్ దాటితే పక్కకి ఆపి, న్యూట్రల్‌లో 1000 ఆర్పీఎం మీద తిరగనివ్వండి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుండా ఉంటే ఇంజిన్‌ని వెంటనే కట్టేయొద్దు. రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

వేడికి అసలు కారణం చాలాసార్లు రేడియేటరే. ఆయిల్ ఆవిరికి దుమ్ము అంటుకుని రెక్కల మధ్య జిగురులా పేరుకుంటుంది. బయటికి శుభ్రంగానే ఉంటుంది. చీకట్లో ఒకవైపు టార్చి వేయండి. రెండో వైపు వెలుగు మచ్చలు మచ్చలుగా కనిపిస్తే, గాలి వచ్చే దిశకి ఎదురుగా, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి.

వచ్చే పాఠం లోపు ఒక పని చేయండి. డ్యాష్‌బోర్డు గేజీని నమ్మేముందు, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) డబ్బా మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. మా బండిలో గేజీ 15 డిగ్రీలు తక్కువ చూపించేది. ఆ సంగతి తెలియక ఒక వేసవంతా రేడియేటర్ బాగానే ఉందనుకున్నాను. పొగ ఎన్ని నిమిషాలకి ఆగిందో, అప్పుడు బయటి చలి ఎంతో కూడా రాయండి. 5వ పాఠంలో ఆ అంకెలతోనే థర్మోస్టాట్ విప్పుదాం.