రోడ్డు భాష – మూడో పాఠం: గీతలు చదవడం

పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. నీలం వృత్తంలో తెల్ల బాణం ఎడమకు చూపిస్తుంటే దాని అర్థం ఏమిటని అడిగాను. "ఎడమకు దారి ఉంది" అని రాసుకున్నవాళ్లకు సగం మార్కులే. బోర్డు గుండ్రంగా ఉందంటే అది సమాచారం కాదు, ఆజ్ఞ. ఎర్ర అంచున్న వృత్తం "ఈ పని చేయొద్దు" అంటుంది. నీలం వృత్తం "ఇదే చెయ్యి" అంటుంది. కాబట్టి ఎడమకే తిరగాలి, వేరే దారి లేదు. అదే నీలం దీర్ఘచతురస్రమైతే దగ్గర్లో పెట్రోలు బంకో ఆసుపత్రో ఉందని చెప్పి ఊరుకుంటుంది. రంగుకన్నా ముందు ఆకారం చూడమని పదేపదే చెప్పింది ఇందుకే. అమెరికాలో స్టాప్ బోర్డు 1954 దాకా ఎక్కువగా పసుపు రంగులోనే ఉండేది, ఎండకు వెలిసిపోని ఎరుపు దొరక్క. ఎనిమిది పలకల ఆకారం మాత్రం అప్పుడూ ఇదే.

ఇక చూపు కిందికి దించుదాం. ఈ పాఠమంతా తారు మీద వేసే గీతల గురించే. మన దేశంలో ఏ గీత ఎక్కడ, ఎంత పొడవున, ఏ రంగులో వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (రోడ్ల ఇంజినీర్ల సంస్థ, పార్టీ కాదు) వాళ్ల ఐఆర్‌సీ 35 అనే ప్రమాణం చెబుతుంది. బోర్డులకు ఐఆర్‌సీ 67. ఈ నంబర్లు మీరు బట్టీ పట్టనక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలోనూ వీటితో పని పడదు.

ముందుగా ఒక చిన్న సూత్రం పట్టుకోండి: గీతలో ఖాళీ ఉన్నచోట మీకు వీలుంది, ఖాళీ తగ్గేకొద్దీ వీలు తగ్గుతుంది, ఖాళీయే లేకపోతే వీలు లేదు. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

విరిగిన తెల్ల గీత, అంటే ముక్కలుగా వేసింది, లేన్ మారొచ్చు, ఓవర్‌టేక్ చేయొచ్చు అని చెబుతుంది. ఎదురుగా ఏమీ రాకపోతేనే, సిగ్నల్ ఇచ్చాకే. అలా వెళ్తూ వెళ్తూ ఉండగా ముక్కలు పొడుగై వాటి మధ్య ఖాళీ చిన్నదైందనుకోండి. చాలామంది దీన్ని గమనించరు, పెయింటు వేసినవాడి ఇష్టం అనుకుంటారు. కాదు. అది హెచ్చరిక గీత. ముందు మలుపో, వంతెనో, కూడలో వస్తోందని అర్థం. కాసేపట్లో గీత పూర్తిగా కలిసిపోతుంది. ఓవర్‌టేక్ మొదలుపెట్టి ఉంటే ముగించుకోండి, మొదలుపెట్టకపోతే ఆ ఆలోచన మానుకోండి. బోర్డు కనపడకముందే మలుపు సంగతి పసిగట్టడం ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య. దానికోసం గీతను బానెట్ ముందు కాకుండా వంద మీటర్ల అవతల చూడటం అలవాటు చేసుకోవాలి.

గీత కలిసిపోయాక దాన్ని దాటకూడదు. శ్రీశైలం, తిరుమల లాంటి ఘాట్ రోడ్లలో ఈ గీత ఎందుకుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చిక్కల్లా కొండలు లేని మైదానపు రోడ్ల మీదే. కిలోమీటరు దూరం రోడ్డు తిన్నగా కనిపిస్తుంది, గీత మాత్రం కలిసే ఉంటుంది. "ఇక్కడెందుకు వేశారో" అని దాటేస్తారు. రోడ్డు కొంచెం పైకి లేచి దిగే చోట, ఆ దిగుడులో కారు మొత్తం మునిగిపోతుంది. మీకు కనిపిస్తున్నది అవతలి గట్టు. మధ్యలో ఉన్న బండి కనపడదు. గీత వేసినవాళ్లు ఆ దిగుడును కొలిచి వేశారు.

జంట గీతల దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. ఒకటి నిండుగా, పక్కది ముక్కలుగా ఉంటే ఏది పాటించాలి? మీ వైపున్నదే. మీ వైపు ముక్కలుంటే మీరు దాటొచ్చు, ఎదురు దిక్కున వచ్చేవాడు దాటకూడదు. మలుపు దాటి బయటపడేవాడికి ముందంతా కనిపిస్తుంది, మలుపులోకి వెళ్లేవాడికి కనిపించదు. అందుకే ఒకే చోట ఇద్దరికీ వేర్వేరు రూలు. రెండూ నిండు గీతలైతే ఎవరూ దాటకూడదు.

రంగు సంగతికొస్తే, మన రోడ్ల మీద తెలుపే ఎక్కువ. పసుపు కనిపిస్తే కాస్త గట్టిగా చెబుతున్నారని లెక్క. రోడ్డును రెండుగా విడదీసే పసుపు గీత ఉంటే ఓవర్‌టేక్ కోసం దాన్ని దాటకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే చెప్పారు. రోడ్డు అంచున పసుపు గీత ఉంటే అక్కడ బండి పార్క్ చేయొద్దని అర్థం. మన ఊళ్లలో ఆ గీత మీదే కొబ్బరిబోండాల బండి ఉంటుంది, అది వేరే కథ.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్లి అక్కడ స్టీరింగ్ పట్టే ఆలోచన ఉంటే ఇది రాసుకోండి. అక్కడ పసుపుకు అర్థం వేరు. ఎదురెదురు దిక్కుల బండ్లను విడదీసేది పసుపు, ఒకే దిక్కున వెళ్లేవాళ్లను విడదీసేది తెలుపు. 1971 నుంచి దేశమంతా అదే పద్ధతి. అక్కడ నడిపేది కుడివైపు కాబట్టి పసుపు ఎప్పుడూ మీ ఎడమ చేతివైపే ఉండాలి. అది కుడివైపు కనిపిస్తే మీరు ఎదురు దారిలోకి దూరినట్టే.

అడ్డంగా వేసే గీతల్లో ముఖ్యమైనది స్టాప్ లైన్. సిగ్నల్ దగ్గర జీబ్రా క్రాసింగ్‌కు ముందు వేసే లావు తెల్ల గీత. బండి ముందు భాగం మొత్తం దాని వెనకే ఆగాలి, జీబ్రా చారల మీద కాదు. కారు నేర్చుకునే రోజుల్లో నేను చారల మీదే ఆపితే, సంచి పట్టుకుని దాటుతున్న ఒక పెద్దావిడ బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, "మేం నీ బండి ఎక్కి దాటాలా నాయనా?" అంది. ఏ ట్రైనరూ నాకు అంత బాగా నేర్పలేదు. స్టాప్ లైన్ అరిగిపోయి కనపడకపోతే జీబ్రాకు ముందే ఆగండి.

పెద్ద కూడళ్లలో కొన్నిచోట్ల నేల మీద పసుపు గళ్లు అడ్డదిడ్డంగా, చుక్కల్లేని ముగ్గులా ఉంటాయి. దాన్ని బాక్స్ జంక్షన్ అంటారు. పచ్చ లైటు పడినా సరే, అవతల మీ బండి పట్టేంత చోటు ఉంటేనే అందులోకి అడుగుపెట్టాలి. లేకపోతే ఇవతలే ఆగాలి. వెనకవాడు హారన్ మోగిస్తాడు, మోగించనివ్వండి. టెన్షన్ పడి ముందుకు జరిగితే మీ లైటు ఎర్రగా మారేసరికి కూడలి మధ్యలో ఇరుక్కుంటారు, నాలుగు వైపులా వాళ్లూ ఆగిపోతారు.

ఫ్లైఓవర్ చీలే చోట బాణం మొనల్లా వేసే ఏటవాలు చారల మీద బండి నడపకూడదు, ఆపకూడదు. దారి తప్పామనిపిస్తే అక్కడ ఆగి ఫోన్‌లో మ్యాప్ చూసేవాళ్లను రోజూ చూస్తుంటాను. తప్పిన దారిలోనే ముందుకెళ్లి యూ టర్న్ వెతుక్కోండి.

రాత్రిపూట గీతలు ఎలా మెరుస్తాయో కూడా తెలుసుకోవాలి. హైవే మీద వేసేది మామూలు పెయింటు కాదు, థర్మోప్లాస్టిక్. కరగబెట్టి రెండున్నర మిల్లీమీటర్ల మందాన పోసి, వేడి మీదుండగానే సన్నటి గాజు పూసలు చల్లుతారు. హెడ్‌లైట్ వెలుగును ఆ పూసలు తిరిగి మీ కంటికే పంపుతాయి. వాన నీళ్లు పూసలను కప్పేస్తే మెరుపు పోతుంది. వర్షంలో గీతలు మాయమైనట్టు అనిపించేది అందుకే. ఆ సమయంలో ఆదుకునేవి రోడ్డులో దిగ్గొట్టిన క్యాట్స్ ఐలు, అంటే లైటు పడితే మెరిసే బిళ్లలు. ఇంగ్లండ్‌లో పెర్సీ షా 1934లో కనిపెట్టాడు. డివైడర్ ఉన్న హైవే మీద పద్ధతి ప్రకారం ఎడమ అంచున ఎరుపు, లేన్ల మధ్య తెలుపు, డివైడర్ వైపు పసుపు మెరవాలి. గీత కనపడకపోతే ఎరుపు వరుసకూ తెలుపు వరుసకూ మధ్య ఉండండి.

ముక్కల గీతలతో ఇంకో పని కూడా జరుగుతుంది. హైవే మీద మామూలుగా 3 మీటర్ల ముక్క, 6 మీటర్ల ఖాళీ ఉంటాయి, జత కలిపి 9 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండికీ మీకూ రెండు సెకన్ల ఎడం కావాలంటే 44 మీటర్లు, అంటే ఐదు జతలు. మధ్యలో ఐదు ముక్కలు లెక్కపెట్టలేకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టు. వాన పడుతుంటే పది లెక్కపెట్టండి.

ఈ వారం పని: ఆర్టీసీ బస్సులో ముందు సీటు దొరికినప్పుడు కూర్చుని, ముక్కల గీత ఎక్కడ పొడుగవుతుందో చూస్తూ వెళ్లండి. ప్రతిసారీ ముందు ఏం రాబోతోందో మనసులో అనుకుని, వచ్చాక సరిచూసుకోండి. పది సార్లలో ఎన్నిసార్లు నిజమైందో రాసిపెట్టుకోండి.

ఒక ప్రశ్న కూడా. రెండు లేన్ల రోడ్డు, డివైడర్ లేదు. మీ ముందు వరిగడ్డి ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది. జంట గీతల్లో మీ వైపుది నిండుగా, అవతలిది ముక్కలుగా ఉంది. ఎదురుగా కనుచూపు మేరలో ఏమీ లేదు. వెనక కారు లైట్లు కొడుతోంది. ట్రాక్టరు డ్రైవరు చెయ్యి బయటపెట్టి "వెళ్లు" అని ఊపాడు. మీరేం చేస్తారు? ఆ చెయ్యికీ ఈ గీతకూ తేడా వస్తే ఏది వినాలో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. జవాబు నాలుగో పాఠంలో, రోడ్డు పనులు జరిగే చోట పెట్టే బోర్డులతోపాటు.