విమాన చట్టం ఓనమాలు – 3వ పాఠం: బరంపురం బస్సు, ఐదు స్వేచ్ఛలు

ముందు పోయిన పాఠం ప్రశ్నకు జవాబు. విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి లేచే నేవీ విమానానికి షికాగో ఒప్పందం (దేశాల మధ్య విమానాలు నడిచేందుకు మూలమైన ఒప్పందం) వర్తిస్తుందా? వర్తించదు. 3వ అధికరణం ప్రకారం అది పౌర విమానాలకే. సైన్యం, కస్టమ్స్, పోలీసు పనుల్లో ఉన్నవి ప్రభుత్వ విమానాల కింద లెక్క. అదే రన్‌వే మీద ప్రయాణికుల విమానం దిగితే దానికి వర్తిస్తుంది. రన్‌వే ఎవరిదని కాదు, విమానం ఏ పనిలో ఉందని చూడాలి.

ఈసారి నేర్చుకునేది ఒకటే పని. టికెట్ మీద రూటు చూడగానే, ఆ కంపెనీ ఏ హక్కుతో మనల్ని ఎక్కించుకుంటోందో చెప్పగలగాలి.

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బరంపురం బస్సు ఎక్కారనుకోండి. టెక్కలి, పలాస దాటి ఇచ్ఛాపురం పోయాక ఒడిశా. బస్సు మనది, రోడ్డు వాళ్లది. పర్మిట్ లేకుండా నడవదు. విమానాల సంగతీ అంతే, కాకపోతే పర్మిట్ ఇవ్వాల్సింది పరాయి దేశపు ప్రభుత్వం. 1944 డిసెంబర్ 7న 52 దేశాలు సంతకం పెట్టిన షికాగో ఒప్పందంలో మొదటి అధికరణమే అది: తన నేల మీది ఆకాశంపై ప్రతి దేశానికీ పూర్తి అధికారం. టైంటేబుల్ ప్రకారం నడిచే విదేశీ సర్వీసుకు అనుమతి తప్పనిసరని 6వ అధికరణం చెబుతుంది.

ఒక దేశం పరాయి విమానాలకు ఇచ్చే ఈ హక్కులనే స్వేచ్ఛలంటారు. ఇప్పుడు మన బస్సుతోనే ఐదు స్వేచ్ఛలూ చూద్దాం. ఒడిశాలో ఎక్కడా ఆగకుండా దాటిపోతే మొదటిది. డీజిల్ కోసం ఆగి, ఎవరినీ ఎక్కించకుండా, దించకుండా కదిలితే రెండోది. శ్రీకాకుళం జనాన్ని బరంపురంలో దించితే మూడోది. బరంపురం జనాన్ని ఇటు తెస్తే నాలుగోది. బస్సు కోల్‌కతా దాకా వెళ్తూ దారిలో బరంపురంలో కోల్‌కతా ప్రయాణికులను ఎక్కించుకుంటే ఐదోది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి న్యూయార్క్‌కు జనాన్ని ఎక్కించుకునేది ఈ ఐదో స్వేచ్ఛ మీదే.

అందరూ తప్పు చేసేది మూడు, నాలుగు దగ్గర. నేనూ మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డాను. ప్రయాణికుడు ఏ ఊరివాడని చూస్తాం. చూడాల్సింది అది కాదు, కంపెనీ ఏ దేశానిదని. రూటు ముందు పెట్టుకుని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒకే రూటులో ఇండిగో సొంత దేశం నుంచి తీసుకెళ్తోంది కాబట్టి దానిది మూడోది, ఎమిరేట్స్ సొంత దేశానికి తీసుకెళ్తోంది కాబట్టి దానిది నాలుగోది.

ఈ ఐదింటినీ షికాగోలోనే తేల్చేద్దామని చూశారు గానీ కుదరలేదు. అమెరికాకు తలుపులు బార్లా తెరవాలని, బ్రిటన్‌కు పగ్గం చేతిలో ఉండాలని. చివరికి మొదటి రెండింటికి ఒక ఒప్పందం, ఐదింటికీ ఇంకో ఒప్పందం విడిగా రాశారు. మొదటిదాంట్లో చాలా దేశాలు చేరాయి, మనమూ ఉన్నాం. రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందుకే మూడు నుంచి పైవన్నీ ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకోవాల్సినవే. 1946లో అమెరికా, బ్రిటన్ బెర్ముడాలో చేసుకున్న ఒప్పందం దీనికి నమూనా అయింది. తేలిగ్గా కనిపించే మొదటి స్వేచ్ఛ కూడా గ్యారంటీ కాదు. 2025 ఏప్రిల్‌లో భారత్, పాకిస్తాన్ ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసేశాయి. మన విమానాలు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

ఇక మన జిల్లాలవాళ్లు ఎక్కువగా అడిగేది విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం గురించి. దాని పేరులో ‘అంతర్జాతీయ’ ఉంది కదా, గల్ఫ్‌కు నేరుగా విమానాలు వచ్చేస్తాయా? ఆ మాటకు అర్థం అక్కడ కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఏర్పాట్లు ఉంటాయనే. విదేశీ కంపెనీ విమానం దిగాలంటే రెండు ప్రభుత్వాల ఒప్పందంలో ఆ ఊరికి చోటుండాలి, వారానికి ఎన్ని సీట్లో, ఎన్ని సర్వీసులో అందులో ఖాళీ ఉండాలి. మన కంపెనీ నడపాలన్నా అవతలి దేశంతో హక్కు ఉండాలి. పైగా ఆ రూటులో డబ్బులు మిగలాలి, అది చట్టం చేతిలో లేదు.

ఇంకొక్కటి. పలాసలో ఎక్కించుకుని టెక్కలిలో దించే ఒడిశా బస్సును ఊహించుకోండి. అలా పరాయి కంపెనీ మన దేశంలోనే రెండు ఊళ్ల మధ్య జనాన్ని తిప్పడాన్ని కబోటాజ్ అంటారు. దాన్ని కాదనే హక్కు 7వ అధికరణం ఇచ్చింది. సింగపూర్ నుంచి విశాఖ వచ్చిన స్కూట్ (సింగపూర్ కంపెనీ) విమానం మనల్ని హైదరాబాద్‌లో దించదు, సీట్లు ఖాళీగా ఉన్నా సరే.

అభ్యాసం. కాగితం మీద కంపెనీ దేశం ముందు రాసి, తర్వాత జవాబు రాయండి.

విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్‌లో. ఏ స్వేచ్ఛ?

ఢిల్లీ నుంచి లండన్ వెళ్లే ఎయిర్ ఇండియా విమానం దారిలో ఇంకో దేశం మీదుగా ఎగిరితే, ఆ దేశం దగ్గర వాడుకున్నది ఏది?

విజయనగరం కుర్రాడు హైదరాబాద్‌లో ఖతార్ ఎయిర్‌వేస్ ఎక్కి, దోహాలో మారి, డల్లాస్ చదువుకు వెళ్లాడు. ఇది ఐదింటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. ఎందుకో ఆలోచించండి, నాలుగో పాఠం దీంతోనే మొదలవుతుంది.