ఆకుకూర పప్పులో ఫోలేట్ పోకుండా వండడం ఎలా? గోలీ ఎవరికి తప్పదు?

ఆకుకూరను ఉడకబెట్టి, ఆకుపచ్చగా దిగిన నీళ్లను సింకులో వంపేసి, మిగిలిన పిప్పిని పప్పులో కలిపి "మా ఇంట్ల రోజూ ఆకుకూరనే" అని చెప్పేవాళ్లు హనుమకొండలో ఏ వాడకు పోయినా కనిపిస్తారు. అదే ఇంట్లో కోడలికి ఆశా వర్కర్ ఇచ్చిన గోలీలు బియ్యం డబ్బా వెనక పడి ఉంటాయి. అడిగితే "అది కెమికల్, మేం నేచురల్‌గ తింటున్నం గదా" అంటారు. తినే ఫోలేట్‌ను నీళ్లలో వదిలేసి, మింగాల్సిన ఫోలిక్ యాసిడ్‌ను డబ్బా వెనక దాచితే ఇంట్లోవాళ్లకు మిగిలేది ఏమిటి? ఇది ఎన్నో ఇళ్లలో చూసి విసిగి రాస్తున్నాను. వంట సంగతి ముందు, గోలీల సంగతి తర్వాత.

ఫోలేట్ అంటే బి9 విటమిన్. గోలీల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ యాసిడ్. కొత్త కణాలు పుట్టడానికి, రక్తం పట్టడానికి కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు పురుషులకు 300, స్త్రీలకు 220, గర్భిణులకు 570 మైక్రోగ్రాములు అవసరం. గర్భిణి అంకెను ఇంకోసారి చూడండి. మామూలు ఆడమనిషికి కావాల్సినదానికి రెండున్నర రెట్లు.

కావాల్సినవి

నలుగురికైతే ఒక గ్లాసు కందిపప్పు, నాలుగు కట్టల పాలకూర, పచ్చిమిర్చి, కొంచెం చింతపండు, తాలింపు సామాన్లు, ఒక నిమ్మకాయ. మూత సరిగ్గా కూర్చునే గిన్నె ఒకటి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే వాడండి.

కూర లక్ష్మీపురం మార్కెట్లో కొన్నా, కుమార్‌పల్లిలో కొన్నా పొద్దున్నే కొనండి. సాయంత్రం దాకా ఎండలో వాడిన కట్ట సగం ధరకు వచ్చినా లాభం లేదు. వెలుతురు, వేడి, నిలవ మూడూ ఫోలేట్‌కు పడవు. ఫ్రిజ్‌లో పెట్టి వారమంతా వాడుకుందామనే ఆలోచన కూడా మానుకోండి. ఇవ్వాళ తెచ్చింది ఇవ్వాళ, మహా అయితే రేపు.

ఏ కూర అంటే, ఫోలేట్ కోసమైతే పాలకూరే ముందు. పచ్చి పాలకూర వంద గ్రాముల్లో 140 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. తోటకూర, మెంతికూర, బచ్చలి, గంగవాయిలి అన్నీ మంచివే, మార్చి మార్చి వండండి. నా వరకు గంగవాయిలి పప్పును మించింది లేదు గానీ, అది వానలు పడ్డాక దొరికినప్పటి మాట.

కడగడం, తరగడం

కాడలతో సహా నిండా నీళ్లలో ముంచి మన్ను పోయేదాకా కడగండి, ఆ తర్వాతే తరగండి. చాలామంది తరిగాక కడుగుతారు. తరిగిన ప్రతి అంచు నుంచీ విటమిన్ నీళ్లలోకి దిగుతుంది. మందులు కొట్టి ఉంటారని భయమైతే ఆకు నిండుగా ఉన్నప్పుడే రెండు మూడు నీళ్లు మార్చండి. తురుములా సన్నగా తరగొద్దు, రెండంగుళాల ముక్కలు చాలు. పొయ్యి వెలిగించాకే కత్తిపీట ముందు కూర్చోండి.

పప్పు ఒక్కదాన్నే ముందు కుక్కర్లో రెండున్నర గ్లాసుల నీళ్లతో మెత్తగా ఉడికించుకోండి. చింతపండు ఇప్పుడే వేస్తే పప్పు గట్టిపడుతుంది, ఆగండి.

అసలు కిటుకు: కూర ఎప్పుడు వేయాలి, ఎన్ని నీళ్లలో వేయాలి

మిగతా పనులన్నీ ఎలా చేసినా కొంత నడుస్తుంది. ఇక్కడ తప్పితే మాత్రం పొద్దున్నే మార్కెట్‌కు పోయిన శ్రమ కూడా దండగే.

ఫోలేట్ నీళ్లలో కరిగే విటమిన్. పాలకూరను ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే దాదాపు సగం ఫోలేట్ ఆకులో మిగలదు. అదే పాలకూరను ఆ కాసేపే ఆవిరి మీద పెడితే పోయేది చాలా తక్కువ. రెండు చోట్లా వేడి తగిలింది, అయినా ఫలితం వేరు. అంటే మంట కంటే నీళ్లే పెద్ద దొంగ. ఇది తెలియకనే అందరూ మంట చిన్నగా పెట్టడం మీద ధ్యాసంతా పెట్టి, నీళ్లు మాత్రం చెంబులతో పోస్తారు. పోసి, మళ్లీ వంపేస్తారు. టీ మరిగించి డికాక్షన్ పారబోసి, అడుగున మిగిలిన పొడి నమిలినట్టు ఉంటుంది ఆ పని.

కాబట్టి ఇలా చేయండి. ఉడికిన పప్పును మెదిపి, గిన్నెలోకి తీసి, ఉప్పు, పసుపు, చీరిన పచ్చిమిర్చి, చింతపండు పులుసు వేసి మరగనివ్వండి. బాగా కుతకుతమంటున్నప్పుడు తరిగిన కూరంతా ఒకేసారి వేయండి. గంటెతో ఒక్కసారి కలిపి మూత పెట్టండి. అదనంగా నీళ్లు పోయొద్దు. కూరలోంచే నీళ్లు దిగుతాయి, ఆ దిగినవి పప్పులోనే ఉంటాయి. పాలకూరకు నాలుగైదు నిమిషాలు చాలు. తోటకూర కాడలు ముదురుగా ఉంటే కాడలు ముందు వేసి, రెండు నిమిషాలు ఆగి ఆకు వేయండి.

మూత ఊరికే తీసి చూడొద్దు. ఆకు పూర్తిగా ముడుచుకుని, కాడ వేలితో నొక్కితే నలిగితే అయినట్టే. రంగు కొంచెం మారుతుంది, అది చింతపండు పులుపు వల్ల, కంగారు పడకండి. పచ్చటి రంగు కోసం వంట సోడా వేసే అలవాటు కొందరికి ఉంది. సోడాతో రంగు నిలుస్తుంది గానీ బి1, సి విటమిన్లు పోతాయి. ఫొటో కోసం వండుతున్నారా, పిల్లల కోసమా?

"మేం పప్పూ కూరా కలిపి కుక్కర్లో పడేసి నాలుగు విజిల్స్ పెడతాం, ఏం కాదు" అనేవాళ్లకు ఒక మాట. నీళ్లు పారబోయరు కాబట్టి వంపేవాళ్ల కంటే మీరు నయమే. కానీ ఐదు నిమిషాల్లో ఉడికే ఆకుకు పప్పుతో సమానంగా అంతసేపు వేడి ఎందుకు? రుచి చూసినా తేడా తెలుస్తుంది. కుక్కర్ పప్పు కోసం, గిన్నె కూర కోసం.

నీళ్లు వంపడానికి ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను. ఇంట్లో కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లుంటే, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు తగ్గాలని డాక్టర్ చెబితే, పాలకూర వాళ్ల వరకు వేరే ఉడికించి వంపండి. వాళ్లకు ఫోలేట్ బొబ్బర్లు, పెసర్ల నుంచి చూసుకోవచ్చు. ఒక్కరి కోసం ఇంటిల్లిపాది కూరనూ వంపక్కర్లేదు.

తాలింపు మీ ఇష్టం అనను. ఎల్లిపాయ దంచి, ఎండుమిర్చి, జీలకర్రతో పెట్టాలి, ఇంగువ వద్దు. పొయ్యి దింపాక నిమ్మచెక్క పిండండి. సి విటమిన్ ఫోలేట్ పాడవకుండా కొంత కాస్తుంది, కూరలోని ఇనుము ఒంటికి పట్టడానికీ సాయపడుతుంది. వండిన పూటే తినేయండి. మళ్లీ మళ్లీ వేడి చేస్తే ఉన్న ఫోలేట్ ఇంకా తగ్గుతుంది.

గుడాల నీళ్లు

ఆకుకూర ఆకుకూర అంటారు గానీ, పచ్చివి తూకం పెడితే శనగలు, బొబ్బర్లలో ఫోలేట్ పాలకూర కంటే ఎక్కువ. వంద గ్రాముల్లో 200 మైక్రోగ్రాములకు పైనే. మన ఊళ్లలో సాయంత్రం పూట గుడాలు చేసే అలవాటు ఉండనే ఉంది, దాన్ని బిస్కెట్ పాకెట్ తినేసింది. మళ్లీ మొదలుపెట్టండి. గుడాలు ఉడికించిన నీళ్లు వంపినా పారబోయకండి, చారు కాచండి. ఆ కట్టుతో చేసిన చారు రుచే వేరు, ఫోలేట్ కూడా అందులోనే దిగి ఉంటుంది. పెసర్లు మొలకలు తెప్పిస్తే ఫోలేట్ ఇంకా పెరుగుతుంది. కోడిగుడ్డు పచ్చసొనలోనూ ఉంటుంది. కార్జంలో బాగా ఎక్కువ, కానీ అందులో ఎ విటమిన్ కూడా మోతాదు మించి ఉంటుంది కనుక గర్భిణులకు కార్జం వద్దు.

ఇప్పుడు గోలీ సంగతి

ఇంత శ్రద్ధగా వండాక గోలీ ఎందుకని అడుగుతారు. మామూలు మగవాళ్లకు, పెద్దవాళ్లకు, ఏ లోపమూ లేనివాళ్లకు అవసరం లేదు. ఈ వంట చాలు. పిల్లలు కనే వయసులో ఉండి గర్భం రావచ్చు అనుకునే ఆడవాళ్ల లెక్క వేరు.

బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకోవాలి. మూసుకోకపోతే పుట్టుకతోనే వెన్నెముక లోపం. నెల తప్పిందని తెలిసేసరికి ఆ 28 రోజుల్లో సగం గడిచిపోయి ఉంటాయి. అందుకే గర్భం కోసం చూస్తున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి మూడో నెల దాకా వేసుకోవాలి. పెళ్లయిన కొత్తలోనే కోడలికి ఈ మాట చెప్పే అత్తలు ఎంతమంది? పసుపు కుంకుమలు మాత్రం మర్చిపోరు.

ఇంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే 4 మిల్లీగ్రాముల మోతాదు కావాలి, అంటే పది రెట్లు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో ప్రచురించిన పరీక్షలో ఆ మోతాదుతో లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మూర్ఛ మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూడా ముందుగానే డాక్టర్‌ను అడగాలి. మోతాదు వాళ్లే చెప్పాలి, మెడికల్ షాపతను కాదు.

"కెమికల్" అనే వాదన ఇక్కడ పనికిరాదు. కూరలోని ఫోలేట్ పొడవాటి గొలుసులా ఉంటుంది, పేగు దాన్ని కత్తిరించుకుంటేనే లోపలికి పోతుంది. గోలీలోని ఫోలిక్ యాసిడ్‌కు ఆ గొలుసు ఉండదు, నిలవకూ వేడికీ తట్టుకుంటుంది. తిండితో పాటు వేసుకున్న 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూరలోని 170కి సమానం. పట్టే విషయంలో గోలీదే పైచేయి. వెన్నెముక లోపాలను ఆపుతుందని పరీక్షల్లో తేలింది కూడా దీనితోనే. ఆన్‌లైన్లో నాలుగింతల ధరకు మిథైల్ ఫోలేట్ అనే ఇంకో రూపం గోలీలు కొని, "మాకు జీన్ తేడా ఉంది, మామూలుది పట్టదు" అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఫోలేట్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చడంలో పాత్ర ఉన్న ఎంటీహెచ్ఎఫ్ఆర్ జీన్‌లో మామూలుగా కనిపించే తేడాలు ఉన్నవాళ్లకూ ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.

పైగా ఈ మందు మనకు పరాయిదేం కాదు. బొంబాయిలో రక్తహీనతతో ఉన్న గర్భిణులకు ఈస్ట్ సారం ఇచ్చి బాగుచేసి, దాన్ని 1931లో లోకానికి చెప్పింది ఇంగ్లండ్ డాక్టర్ లూసీ విల్స్. ఆ సారంలో పనిచేసిన పదార్థాన్ని, అంటే ఫోలిక్ యాసిడ్‌ను, 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడు చేసిన గోలీని తెలుగు ఇంట్లోనే చెత్తబుట్టలో వేస్తున్నాం.

నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర గోలీ వేరు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. విరేచనం నల్లగా వస్తుంది, అది ఇనుము వల్లే. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. చాయ్‌తో మాత్రం వద్దు, గంట తేడా ఉండాలి. బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వారానికొకటి ఇచ్చే నీలం గోలీ కూడా ఇలాంటిదే. పిల్ల ఇంటికి తెస్తే "ఏం గోలీ ఇది" అని లాక్కోకండి.

అలాగని మంచిదే కదా అని 5 మిల్లీగ్రాముల గోలీలు ఇంటిల్లిపాదికీ పంచొద్దు. గోలీల ద్వారా పెద్దవాళ్లకు రోజుకు 1000 మైక్రోగ్రాములే హద్దు, డాక్టర్ చెబితే తప్ప. బి12 తక్కువున్నవాళ్లకు ఎక్కువ ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. మాంసం, గుడ్డు ముట్టని ముసలివాళ్లుంటే ముందు బి12 పరీక్ష చేయించండి. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు డాక్టర్ చెప్పిన రోజే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి, రోజు మార్చకూడదు.

రేషన్ బియ్యం

రేషన్ బియ్యంలో అక్కడక్కడా రంగు కొంచెం తేడాగా ఉండి, నీళ్లలో తేలే గింజలు కనిపిస్తే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా చేసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. అలా కలిపిన కిలో బియ్యంలో ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు మూడు వందల గ్రాములు తిన్నా 30 మైక్రోగ్రాములకు అటూ ఇటూ, గర్భిణి గోలీకి అది బదులు కాదు. కానీ ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి? కడిగేటప్పుడు ఆ గింజలు పైకి తేలితే చేయి అడ్డం పెట్టి నీళ్లు వంపండి. రెండుసార్లకు మించి కడగొద్దు. అన్నం వార్చకుండా నీళ్లు ఇగిరేలా వండండి. వార్చే అలవాటు మానలేకపోతే ఆ గంజిలో ఉప్పేసి ఇంట్లోవాళ్లే తాగండి, బర్రెకు పోయకండి.