మొబైల్ సిగ్నల్‌లోని ప్రతిధ్వనిని తీసేసే అడాప్టివ్ ఈక్వలైజర్: ల్యాప్‌టాప్‌లో ఎలా చేయాలి?

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద, మారతహళ్లి వైపు, టవర్ నుంచి వచ్చే తరంగం ఒక్క దారిలో రాదు. కొంత నేరుగా వస్తుంది, కొంత గాజు భవనాలకు తగిలి ఆలస్యంగా వస్తుంది, అదే ప్రతిధ్వని. ఆ రెండూ కలిసిపోతే పాత సింబల్ (ఒక్కో విడతలో పంపే అంకె) కొత్త సింబల్ మీద పడుతుంది. దాన్ని విడదీసే ఫిల్టరే ఈక్వలైజర్. తన గుణకాలను తానే సర్దుకుంటుంది కాబట్టి అది అడాప్టివ్. మారతహళ్లి పీజీల్లో ఉండే మన ఈసీఈ పిల్లలు దీన్ని పరీక్ష కోసం చదివే ఉంటారు. ఒక ఆదివారం కూర్చుంటే పైథాన్‌లో చేసి చూడొచ్చు, హార్డ్‌వేర్ అక్కర్లేదు.

ముందు ఆలస్యం లెక్కేయండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా అల్గారిథమ్ మీద పడతారు. తరంగం 300 మీటర్లు ఎక్కువ తిరిగితే 1 మైక్రోసెకను ఆలస్యం. 2జీ ఫోన్ల పద్ధతి అయిన జీఎస్ఎంలో ఒక బిట్ 3.69 మైక్రోసెకన్లు ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం ఒక బిట్‌లో పావు వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. సెకనుకు కోటి సింబల్స్ పంపే లింకులో అదే ఆలస్యం 10 సింబల్స్ దూరం. ఈక్వలైజర్‌కు ఎన్ని గుణకారాల ఖర్చు అవుతుందో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఛానల్‌ను, అంటే సిగ్నల్ వచ్చే దారిని, ప్రోగ్రామ్‌లో తయారు చేయండి. +1, −1 అంకెల్ని యాదృచ్ఛికంగా వరుసగా తీసుకోండి. ప్రతి అంకెకు దాని ముందున్న అంకెలో సగం కలపండి, పైన కొంచెం నాయిస్ చల్లండి. రిసీవర్‌కు అందేది ఇదే.

ఈక్వలైజర్‌కు ఎన్ని ట్యాప్‌లు, అంటే అందిన వరుస శాంపిల్స్‌ను ఒక్కొక్కటిగా గుణించే గుణకాలు ఎన్ని కావాలి? ప్రతిధ్వని 0.5 ఉన్నప్పుడు దాన్ని రద్దు చేసే గుణకాలు 1, −0.5, 0.25, −0.125 అలా తగ్గుతూ పోతాయి. 8 ట్యాప్‌లకు మిగిలేది 0.004 మాత్రమే, చాలు. కానీ ప్రతిధ్వని 0.9 అయితే? మిగులు 0.01 కిందికి రావాలంటే 44 ట్యాప్‌లు కావాలి. అలాంటప్పుడు ట్యాప్‌లు పెంచుకుంటూ పోవడం దండగ. ఇంతకుముందు తేల్చేసిన సింబల్‌ను 0.9తో గుణించి తీసేస్తే ఒక్క ట్యాప్‌తో పని అయిపోతుంది. దీన్నే డెసిషన్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఒక సింబల్ తప్పుగా తేలిస్తే ఆ తప్పు తర్వాతి వాటికీ పాకుతుంది, అదొక్కటే తంటా. అయినా బలమైన ప్రతిధ్వనికి నా ఓటు దీనికే.

తర్వాత ఎల్ఎంఎస్ (లీస్ట్ మీన్ స్క్వేర్స్), అంటే లోపం తగ్గేలా గుణకాలను కొద్దికొద్దిగా సర్దే పద్ధతి. 1960లో విడ్రో, హాఫ్ ఇచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ చవకైనదే. గుణకాలన్నీ సున్నాతో మొదలుపెట్టండి. ఫిల్టర్ ఇచ్చిన జవాబును, మీకు ముందే తెలిసిన ట్రైనింగ్ సింబల్‌లోంచి తీసేయండి. వచ్చినదే లోపం. ప్రతి గుణకానికీ మ్యూ (సర్దుబాటు అడుగు ఎంత పెద్దదో చెప్పే చిన్న అంకె), లోపం, ఆ ట్యాప్‌లో ఉన్న శాంపిల్ మూడింటి లబ్ధం కలపండి. ఒక్కో సింబల్‌కు ఫిల్టర్ పనికి 8, సర్దుబాటుకు 8, మొత్తం సుమారు 16 గుణకారాలు. ఆర్ఎల్ఎస్ (రికర్సివ్ లీస్ట్ స్క్వేర్స్) అనే మరో పద్ధతి ఇంకా త్వరగా సర్దుకుంటుంది గానీ దాని లెక్క ట్యాప్‌ల వర్గంతో పెరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు?

మ్యూ ఎంత పెట్టాలన్న దగ్గరే అందరూ తడబడతారు. 2ను, ట్యాప్‌ల సంఖ్య, సిగ్నల్ పవర్‌ల లబ్ధంతో భాగించండి. మన ఉదాహరణలో పవర్ సుమారు 1.25, ట్యాప్‌లు 8, కాబట్టి హద్దు 0.2. దాని దరిదాపులకు పోకుండా పదో వంతు, అంటే 0.02తో మొదలుపెట్టండి. చిప్‌లో పెట్టేటప్పుడు 1/64 తీసుకుంటే ఇంకా మేలు: మ్యూతో గుణించే బదులు 6 బిట్లు కుడికి జరిపితే చాలు.

లోపం కిందికి దిగి నిలకడగా ఉంటే ట్రైనింగ్ ఆపి, రిసీవర్ సొంతంగా తేల్చిన సింబల్‌నే సరైనదిగా తీసుకుని సాగండి. తొందరపడి ముందే మారిస్తే తప్పులనే నేర్చుకుంటుంది. జీఎస్ఎం ప్రతి మామూలు బర్స్ట్ (ఒక విడత ప్రసారం) మధ్యలో ఇచ్చే ట్రైనింగ్ 26 బిట్లే, ఎల్ఎంఎస్‌కు అది సరిపోదు. అందుకే అక్కడ ఛానల్‌ను నేరుగా అంచనా వేసి విటర్బి పద్ధతి (అందిన సిగ్నల్‌కు బాగా సరిపోయే బిట్ల వరుసను వెతికేది) వాడటం మామూలు.

నేరుగా వచ్చే తరంగానికి ఫ్లైఓవర్ అడ్డొచ్చి ప్రతిధ్వనే బలంగా ఉంటే, ట్రైనింగ్‌లో ఫిల్టర్ జవాబును 4 సింబల్స్ వెనకటి ట్రైనింగ్ సింబల్‌తో పోల్చండి, గుణకాలన్నీ సున్నా కాకుండా మధ్య గుణకాన్ని 1 చేసి మొదలుపెట్టండి.

చివరగా ఛానల్‌ను కదిలించి చూడాలి. 2 గిగాహెర్ట్జ్ దగ్గర, సిల్క్ బోర్డు జామ్‌లో గంటకు 5 కిలోమీటర్లతో పాకుతుంటే డాప్లర్ (కదలిక వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పు, ఇది పెరిగితే ఛానల్ త్వరగా మారుతుంది) సుమారు 9 హెర్ట్జ్, ఎయిర్‌పోర్ట్ రోడ్డులో 80తో వెళ్తుంటే 148. ప్రోగ్రామ్‌లో ప్రతిధ్వనిని 0.5 నుంచి 0.3కి మెల్లగా దించండి. లోపం వెనకబడి పెరుగుతుంటే మ్యూ పెంచండి. ఛానల్ నిలకడగా ఉన్నప్పుడు కూడా లోపం ఎగుడుదిగుడుగా ఉంటే తగ్గించండి.