ఓడలో పనిచేసిన తాతయ్య ట్రంకుపెట్టె: ఎలా తెరవాలి, ఎలా దాచాలి?

కాకినాడ, తాళ్ళరేవు, నరసాపురం చుట్టుపక్కల కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ అటక మీద ఇలాంటి పెట్టె కనిపిస్తుంది. తాతయ్య కళాసీగానో (ఓడ పనివాడు) సరంగుగానో (కళాసీల మీద పెద్ద) ఓడెక్కిన రోజులది. లోపల ఇత్తడి దిక్సూచి, సీడీసీ పుస్తకం (కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్, ఓడ ఉద్యోగి పనిచేసిన వివరాలు రాసే పుస్తకం), రంగూన్ నుంచి రాసిన ఉత్తరాలు, ఉన్నికోటు ఉంటాయి. వీటిని సగం డెల్టా చెమ్మ పాడుచేస్తే, మిగతా సగం మన శుభ్రం పిచ్చి పాడుచేస్తుంది.

తెరిచే రోజు

జనవరి నుంచి మార్చి లోపల, మంచు విడిచి ఎండెక్కాక మొదలుపెట్టండి. వానాకాలంలో, తుపాన్ల రోజుల్లో ముట్టుకోవద్దు. నీడలో ఉతికిన తెల్ల దుప్పటి పరచండి. ఏ వస్తువునూ కదపకముందే పైనుంచి ఫొటో తీయండి, ఒక్కో వరస తీశాక మళ్ళీ తీయండి. ఏ ఉత్తరం ఏ రసీదుతో కలిపి మడిచి ఉందో తెలిసేది అప్పుడే, ఒకసారి విడదీస్తే ఇక తెలియదు.

కాగితంలోనో ఉన్నిలోనో పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. జిప్ కవరులో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పవద్దు. తొందరపడి విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఫొటోలను, దిక్సూచిని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

కాగితాలు

అన్నిటికన్నా విలువైనది సీడీసీ. ఓడ పేరు, ఆయన హోదా, ఏ రేవులో ఏ తేదీన ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నీ అందులో ఉంటాయి. తాతయ్య ఎక్కడెక్కడ తిరిగారో అన్నదానికి ఇంట్లో దొరికే గట్టి సాక్ష్యం ఇదే. ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా, 600 డీపీఐలో స్కాన్ చేయండి. పాత ఇంగ్లీషు ముద్రల్లో కోకనాడ అని ఉంటే అది కాకినాడే.

ఉత్తరాల మీద స్టాంపులు ఊడదీయకండి. తేదీ చెరిగిపోయిన బర్మా ఉత్తరానికి స్టాంపే ఆధారం. 1937 ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి విడిపోయింది. అక్కడి స్టాంపు మీద బర్మా అన్న అచ్చు ఉంటే ఉత్తరం ఆ తర్వాతిదే. మసకబారిన తపాలా ముద్ర మీద టార్చి వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి, అక్షరాలు తేలవచ్చు.

లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి కరిగి పట్టుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. సెల్లోటేపు జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. ఫొటో అద్దానికి అతుక్కుంటే లాగకుండా అద్దంతోనే స్కాన్ చేయండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే, బాల్‌పెన్ను వద్దు.

ఇత్తడి

చింతపండుతో తోమితే గిన్నె తళతళలాడుతుంది, దిక్సూచి మాత్రం పోతుంది. పులుపు చిలుముతో పాటు ఇత్తడినీ కొంచెం తింటుంది, అంచు కింద చేరితే లోపలి నుంచి తింటూనే ఉంటుంది. పాలిష్ పొడి చెక్కిన అక్షరాలను అరగదీస్తుంది. తయారుచేసినవాళ్ళ పేరు, నంబరు, మూడు గీతల బాణం గుర్తు (అది బ్రిటిష్ ప్రభుత్వ సరుకన్న గుర్తు) ఆ గీతల్లోనే ఉంటాయి. మూత అంచున వేళ్ళు ఆనీ ఆనీ నున్నబడిన చోటు ఉంటే దాన్నీ అలాగే వదలండి. మన దగ్గర మిగిలిన ఆయన చేతి గుర్తు అదొక్కటే కావచ్చు.

మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. మరకలుంటే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండిన దూదిపుల్లతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. బోరు నీళ్ళు వద్దు, వాటిలోని ఉప్పు చిలుమును మళ్ళీ రప్పిస్తుంది. లేత పచ్చని పొడి తుడిచినా తిరిగి వస్తుంటే లోహంలో అప్పటికే ఉప్పు చేరినట్టు. దాన్ని విడిగా, పొడిగా ఉంచండి.

అద్దం విప్పకండి. చీకట్లో మెరిసేలా చేసిన పాత డయల్ రంగులో రేడియం ఉండవచ్చు. ఇప్పుడు మెరవకపోయినా దాని ప్రభావం పోదు. పెయింటు రాలుతుంటే కవరులో మూసి, పిల్లలకు అందకుండా పెట్టండి.

కోటు, పెట్టె

కోటు ఉతకవద్దు, హ్యాంగరుకు తగిలించవద్దు. బ్రష్‌తో దులిపి, మడతల్లో ఉతికిన మల్లుగుడ్డ చుట్టలు పెట్టి పడుకోబెట్టండి. పెట్టె మూత మీద రాసిన పేరు మీద మళ్ళీ రంగు వేయించకండి.

సర్దేముందు

మామ్మో పెదనాన్నో ఉంటే వస్తువును వాళ్ళ చేతికిచ్చి ఫోనులో రికార్డు చేయండి. “తాతయ్య గురించి చెప్పండి” అంటే అందరికీ తెలిసిన నాలుగు మాటలే వస్తాయి. “మామ్మా, ఇది ఇంట్లో ఎక్కడ ఉండేది? ఎవర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు?” అని అడిగి చూడండి.

కాగితాలు, ఫొటోలు, దిక్సూచి మళ్ళీ ఇనప్పెట్టెలోకి వద్దు. రబ్బరు అంచున్న 30 లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బాలో సుమారు అరకేజీ నారింజరంగు సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. గుళికలు పచ్చబడితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేడిచేసి, చల్లార్చి వాడుకోండి. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి మీటరు చూడండి. కలరా ఉండలు వేయకండి. డబ్బాను పెంకుటింటి అటక మీద కాకుండా స్లాబు గదిలో, వరద నీరు అందని అరలో పెట్టండి. స్కాన్ల నకలు ఒకటి డెల్టా బయట ఉన్న చుట్టాల ఇంట్లో ఉంచండి.