రెండో భాగం బాగుందా లేదా? చెవితో తేల్చుకునే పద్ధతి

పిల్లలతో యానిమేషన్ సినిమా రెండో భాగానికి వెళ్లొచ్చి "బొమ్మలు బాగున్నాయి" అనేసి ఊరుకుంటాం. బొమ్మలు ఇప్పుడు దాదాపు అన్ని సినిమాల్లోనూ బాగానే ఉంటున్నాయి. తేడా కొట్టేది కథలో, గొంతుల్లో. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తోలుబొమ్మ మొహం కదలదు. నవ్వించే పాత్రలైన కేతిగాడి అల్లరైనా, బంగారక్క దెప్పుడైనా ఆడించేవాళ్ల గొంతులోంచే రావాలి. కంప్యూటర్ బొమ్మకు కనుబొమ్మలు కూడా కదులుతాయి గానీ, గొంతు అతక్కపోతే అదీ ఉత్త బొమ్మే.

వెళ్లే ముందు మొదటి భాగంలో ముఖ్యపాత్రలు తొలిసారి మాట్లాడే సీన్లు, చివరి 15 నిమిషాలు మళ్లీ చూడండి. ఏ భాషలో సినిమాకు వెళ్తున్నారో అదే భాషలో చూడాలి. మొదటిది ఇంగ్లీషులో, రెండోది తెలుగులో చూస్తే పోలికే కుదరదు. చిన్నపిల్లలుంటే సెన్సార్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. 2024 నుంచి యూఏలో (పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సినవి) వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడు రకాలిస్తున్నారు.

హాల్లో మధ్య వరుసలు దాటి కాస్త వెనక, నడిమి సీట్లు తీసుకోండి. మాటలు ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్లోంచి వస్తాయి, అందుకే ఓ మూలన కూర్చుంటే మాట మసకబారుతుంది. కర్నూలైనా కడపైనా ఏ హాల్లోనైనా మొదటి ఐదు నిమిషాల్లో ఒక పరీక్ష చేయండి. పాటలు, శబ్దాలు ఖంగుమంటూ అందరి మాటలూ మూసుకుపోయినట్టు ఉంటే తప్పు హాలుది. ఒక్క పాత్ర మాటే అలా ఉంటే తప్పు డబ్బింగ్‌ది. ఇది తేల్చుకోకుండా నటుణ్ని తిట్టడం అన్యాయం.

కథ సంగతి మూడు ప్రశ్నలతో తేలుతుంది. నాయకుడికి ఈసారి కొత్తగా కావలసింది ఏమిటి? కొత్త పాత్రను తీసేస్తే కథ ఆగుతుందా? మొదటి భాగం చూడని పిల్లాడికి తొలి పది నిమిషాల్లో ఎవరెవరో అర్థమవుతుందా? ఇంటర్వెల్‌లో పక్కనున్న పిల్లల్నే అడగండి, "వాడికి ఏం కావాలి?" అని. జవాబు రాకపోతే కథ అక్కడే జారింది. పాత జోకు ఒకసారి తిరిగొస్తే చుట్టం వచ్చినట్టుంటుంది. రెండోసారికీ కొత్త మలుపు లేకుండా వచ్చిందంటే రాసినవాళ్ల దగ్గర సరుకు అయిపోయిందని అర్థం.

ఇక గొంతులు. ఇంగ్లీషు యానిమేషన్‌లో సాధారణంగా ముందు గొంతు రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మ నోరు కదిలిస్తారు. డబ్బింగ్‌లో పని తలకిందులు: కదిలే నోటికి మాట అతికించాలి. అందుకని అన్నిచోట్లా పెదాలు కలవాలని పట్టుబట్టకండి, మొహం దగ్గరగా చూపించే షాట్లలో మాత్రం చూడండి. ప, ఫ, బ, భ, మ పలికితే పెదాలు మూతపడాలి. బొమ్మ పెదాలు మూసినచోట ఈ అక్షరాల్లో ఒకటి పడిందా, నోరు తెరుచుకున్నచోట "ఆ" లాంటి దీర్ఘం పడిందా గమనించండి.

అంతకంటే పెద్ద చిక్కు వాక్యం కట్టులో ఉంది. ఇంగ్లీషులో కాదనడం ముందే వస్తుంది, తెలుగులో క్రియతో చివర్లో వస్తుంది. బొమ్మ మొదటి మాటకే తల అడ్డంగా ఊపేస్తుంది. అప్పుడు "నేను నీతో అక్కడికి రాను" అని రాస్తే, తల ఊపడం అయిపోయాక "రాను" వినబడుతుంది. పని తెలిసిన రచయిత "రానంటే రాను నీతో" అని తిప్పి రాస్తాడు. ఇలాంటివి నాలుగైదు పట్టుకుంటే మాటల రచయిత చేయి తిరిగినవాడో కాదో తెలిసిపోతుంది. వాక్యం మరీ పొడుగైతే నటుడు ఊపిరి తీసుకోకుండా పరిగెత్తుతాడు, చివరి అచ్చులు మింగేస్తాడు. అక్కడ తప్పు గొంతుది కాదు, రాతది.

ఆయాసం, మూలుగు, గుటక మీద కూడా చెవి పెట్టండి. పరిగెత్తేటప్పుడు రొప్పే గొంతు ఒకరిది, మాట్లాడే గొంతు ఇంకొకరిది అనిపిస్తే అసలు భాషలోని రొప్పునే వదిలేశారేమో అని అనుమానించాలి.

గొంతు మారిందని వెంటనే మార్కులు కోయొద్దు. చిన్నపిల్లలు పెరుగుతారు. 'ఫైండింగ్ నీమో' 2003లో, 'ఫైండింగ్ డోరీ' 2016లో వచ్చాయి. చేపపిల్ల నీమోకు రెండింట్లో వేరే పిల్లలు మాట్లాడారు, తప్పదు మరి. 2019 'లయన్ కింగ్' తెలుగులో సింహరాజు ముఫాసాకు రవిశంకర్, 2024 'ముఫాసా'లో మహేశ్‌బాబు. అది వెనకటి కథ కాబట్టి పడుచు గొంతు న్యాయమే. నవ్వించే జోడీ పుంబా, టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీలనే ఉంచారు, పిల్లలకు పాత నేస్తాలు దొరికారు. పేరున్న హీరో మాట్లాడితే ఒకటే పరీక్ష: కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. సింహం కనబడుతోందా, హీరో పోస్టర్ కనబడుతోందా? మారిన గొంతులో పాత్ర స్వభావం నిలిచిందా అన్నదే లెక్క. మొండివాడు మొండిగానే, పిరికివాడు పిరికిగానే ఉండాలి.

సీమవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటుంది. "యాడికి పోతాండావ్?" అనే మన యాస ఎవరి నోట పెట్టారు? విలన్‌కో, అతని మనుషులకో మాత్రమే పెట్టి మంచివాళ్లందరితో పుస్తకాల తెలుగు మాట్లాడిస్తే గట్టిగా మార్కులు తగ్గించండి. అనంతపురం పిల్లాడు తన ఇంటి మాటను చెడ్డవాడి మాటగా నేర్చుకోకూడదు. యాస పెట్టినవాళ్లు దాన్ని చివరిదాకా నిలబెట్టాలి, సీనుకొక తీరుగా మారితే అది వేషమే. స్థానికత పేరుతో తెర మీద పిజ్జా కనబడుతుంటే మన బొరుగుల ఉగ్గాని అనిపించినా పిల్లలే పట్టేస్తారు.

పాటల్లో హ్రస్వ దీర్ఘాలు వినండి. బాణీ సాగినచోట "కల" పెడితే "కాల" అని వినబడుతుంది, అర్థం పోతుంది.

మార్కులు కథకు పది, గొంతులకు పది. గొంతుల పదిలో స్వభావానికి నాలుగు, మాటలకు మూడు, పెదాలకు రెండు, పాటలకు ఒకటి. హాల్లోంచి రాగానే వేసేయండి, మర్నాటికి పాటలు తప్ప ఏమీ గుర్తుండవు. తర్వాత ఓటీటీలో వచ్చినప్పుడు మీకు అనుమానం తగిలిన మూడు నిమిషాల సీను తీసి, సబ్‌టైటిల్స్ ఆపేసి, ఒకసారి తెలుగులో, ఒకసారి అసలు భాషలో వినండి. అక్కడ మార్కు మారితే మార్చుకోండి.