అరుగు మీద ఒక తీరు, పెరట్లో ఒక తీరు: నిత్యజీవితంలో మన పాత్రలను నిండుగా పోషించడం ఎలా

కోనసీమలో పాత మండువా లోగిళ్లలో పెరిగినవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. వీధి అరుగు మీద కూర్చుని "ఆయ్, దయచేయండి బావగారూ" అని నిండుగా పలికిన ఇంటి పెద్ద గొంతే, మండువా దాటి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి "పాలు సరిపోతాయా, పక్కింట్లో అడగమంటావా?" అని తగ్గిపోతుంది. దీన్ని కపటమనేవారు ఉన్నారు గాని, నేను ఆ మాట ఒప్పుకోను. మన ఇంటి ఇబ్బంది వచ్చినవారి మనసు మీద పడకుండా చూడడానికి ఆ పెద్దమనిషి పడే శ్రమ అది. ఆ శ్రమను తెలిసి చేయడం ఎలాగో, ఇతరులు చేస్తున్నప్పుడు దాన్ని కాపాడడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కెనడాలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1949-51 మధ్య స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, చిన్న రైతుల నడుమ నివసించి, మనుషులు ఒకరి ముందు ఒకరు ఎలా మెలుగుతారో దగ్గరనుంచి గమనించాడు. నాటకానికి తెర ముందు, తెర వెనుక ఉన్నట్టే నిత్యజీవితానికీ ఉంటాయని ఆయన చెప్పిన మాట మన మండువా ఇంటికి అతికినట్టు సరిపోతుంది.

ముందుగా మీ ఇంట్లో తెర ఎక్కడ ఉందో గుర్తించండి. పాత ఇంట్లో దానికి వెతుక్కోనక్కరలేదు. అరుగు, సావిడి వచ్చేపోయేవారివి, వంటిల్లు, పెరడు ఇంటివారివి. పెరటి దారిన రాగలిగిన పక్కింటి పిన్నిగారు పరాయి మనిషి కాదు, మీ పక్షాన నిలిచే మనిషి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటే హాలుకూ వంటగదికీ మధ్య గోడ కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఒక గదిని పూర్తిగా ఇంటివారికే వదిలి, తలుపు దగ్గరగా వేసి ఉంచండి, ఎందుకంటే చుట్టాలు వచ్చిన రోజు గొంతు తగ్గించి మాట్లాడుకోవడానికీ, ఒక్క నిమిషం నడుము వాల్చడానికీ చోటు లేని ఇల్లాలు గంటసేపు నవ్వుముఖంతో నిలవడం చాలా కష్టం. మీరే చుట్టంగా వెళ్తే, పిలవనిదే ఆ గుమ్మం దాటకండి. "నేనేం పరాయిదాన్నా" అనుకుంటూ చొరవగా లోపలికి నడిచే ఆత్మీయత ఆ ఇంటివారిని చాలాసార్లు ఇరుకున పెడుతుంది.

ఇక గుమ్మం దగ్గరి సంగతి. గాఫ్‌మన్ ఉన్న రోజుల్లో ఆ షెట్లాండ్ దీవుల్లో ఇళ్ల లోపల వెలుతురు తక్కువగా ఉండేది, బయట అడ్డం ఏమీ ఉండేది కాదు. టీ తాగడానికి వస్తున్న పొరుగువాడు తలుపు చేరబోయే ముందు ఉన్న ముఖం మార్చుకుని చిరునవ్వు తెచ్చుకోవడాన్ని లోపలివారు చూసి సరదాపడేవారని గాఫ్‌మన్ రాశాడు. మన లోగిళ్లలోనూ అంతే కదా, వీధిలో ఎండ, సావిట్లో నీడ. మీరు వారిని చూడకముందే వారు మిమ్మల్ని చూస్తారు కనుక, దారిలో జరిగిన మాటపట్టింపును సందు మొదట్లోనే వదిలేసి రండి. ఇంటివారు చేయవలసిందల్లా వచ్చినవారికి కొంచెం వ్యవధి ఇవ్వడమే. కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు అందించే పాత ఆచారం ఆ వ్యవధిని రెండు పక్షాలకూ ఇచ్చేది. ఇప్పుడు "పది నిమిషాల్లో వస్తున్నామండి" అని ముందుగా చేసే ఫోన్ ఆ పని చేస్తుంది. అది చేయకుండా వెళ్లకండి.

భోజనం దగ్గర ఈ విద్య మరింత సూక్ష్మంగా ఉంటుంది. మనం నోటితో చెప్పేది ఒకటి, మన నుంచి తెలియకుండా బయటపడేది మరొకటి. మొదటిది మన అదుపులో ఉంటుంది, రెండోది అంతగా ఉండదు. అందుకే చూసేవారు రెండోదాన్ని ఎక్కువ నమ్ముతారు. షెట్లాండ్ ఇల్లాలు కూడా పొగడ్తలను చిరునవ్వుతో వింటూనే, అతిథి ఎంత త్వరగా ముద్ద నోటికి తీసుకుంటున్నాడో కనిపెట్టేదట. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి వడ్డించే అత్తగారికి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. మొదటిసారి "వద్దండీ" అన్నది అల్లుడి పాత్ర పలికిన మాట, దాన్ని నమ్మి వెనక్కి వెళ్తే అతను ఆకలితో లేస్తాడు. చెయ్యి ఆకు మీదికి వచ్చి, ఒళ్లు కూడా ముందుకు వంగితే అది నిజమైన వద్దు. కాబట్టి రెండుసార్లు అడగండి, మూడోసారి గరిటె దించకండి. మూడోసారీ వడ్డించడం మర్యాద అనుకునేవారు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు గాని, ఆకులో వదిలిపెట్టవలసి వచ్చిన మనిషి పడే సిగ్గును వారు లెక్కలోకి తీసుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. తినేవారికి కూడా ఒక సూచన ఉంది. నచ్చని కూరను ముందుగా ముగించి వదిలించుకోవాలని చూడకండి. ఆకులో ఖాళీ అయినది నచ్చినదనే లెక్క, అదే మళ్లీ వస్తుంది. అన్నిటితో పాటు కొంచెం కొంచెంగా కలుపుకుని, చివరిదాకా కాస్త ఉంచుకోండి.

చుట్టాలు రాకముందే ఇంటివారంతా ఒక మాట అనుకోవాలి. భూమి సంగతి ఎవరు మాట్లాడాలి, ఏది ఎత్తకూడదు అనేవి తేల్చుకుంటే చాలు. భర్త చెప్పిన లెక్కను భార్య, అత్తగారి మాటను కోడలు పదిమందిలో సరిదిద్దితే పోయేది ఒక్కరి పరువు కాదు.

ఎంత జాగ్రత్తపడినా పొరపాటు జరుగుతుంది. మా అక్క పెళ్లిచూపుల నాడు వెండి గ్లాసులు పక్కింటి నుంచి పెరటి దారిన మా ఇంటికి వచ్చాయి. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. సావిట్లో అందరూ కూర్చుని ఉండగా, "ఇవి పిన్నిగారివి, జాగ్రత్తగా పట్టుకోండి" అని నేను బయటికే అనేశాను. అమ్మ ముఖం పాలిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. అబ్బాయి మేనత్తగారు, వినలేదన్నట్టుగా గ్లాసు ముందుకు చాపి, "మీ నీళ్లు తియ్యగా ఉన్నాయమ్మా, ఇంకొంచెం పోయించండి" అన్నారు. ఆ మాటతో అమ్మకు లోపలికి వెళ్లడానికి కారణం దొరికింది, తిరిగి వచ్చేసరికి మనసు కుదుటపడింది. ఎదుటివారి పాత్ర జారినప్పుడు చేయవలసింది ఇదే. ఓదార్చకండి, "పరవాలేదులెండి" అని కూడా అనకండి, ఎందుకంటే ఆ మాటతో మీరు చూశారని వారికి తెలిసిపోతుంది. ఏదైనా చిన్న పని అడగండి.

అయితే ఏది దాచవచ్చో, ఏది దాచకూడదో స్పష్టంగా తెలియాలి. అరువు గ్లాసులు దాచవచ్చు, ఉతికి ఆరేసిన పాత దుప్పట్లు దాచవచ్చు. అబ్బాయి జబ్బు, లేని ఉద్యోగం, తీరని అప్పు దాచకూడదు, ఎందుకంటే మన మాటను నమ్మి ఎదుటివారు ఒక జీవితాన్ని అప్పజెబుతున్నారు. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున కూడా ఇదే కొలత పనిచేస్తుంది. కొనేవాడు వచ్చినప్పుడు రైతు తొందర చూపించడు. అప్పు వడ్డీ పెరుగుతున్నా, ఇంకో పది రోజులు ఉంచుదామనుకుంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడతాడు. అది బేరంలో తన పాత్ర, అందులో తప్పు లేదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంట్ మీదే ధర ఆధారపడుతుంది కనుక, నమూనాకు పెద్ద రొయ్యలే పడేలా వల విసరడం మాత్రం మోసం. ముఖంలోని తొందరను దాచుకోవడం వేరు, తూకాన్ని మార్చడం వేరు.

ఈ కాలంలో తెరను చించుతున్నది ఎక్కువగా సెల్‌ఫోనే. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి వీడియో కాల్ చేస్తే నేరుగా వంటింట్లోకి వచ్చేస్తాడు, వెనక అతని స్నేహితులు ఉన్నా లేకున్నా. ఎత్తగానే పక్కన ఎవరున్నారో చెప్పడం అతని బాధ్యత, అడగడం మీ హక్కు. అమ్మ నైటీలో ఉన్న ఫొటోను స్టేటస్‌లో పెట్టే ముందు ఆమెను అడగండి. ఆమె అది చూపించింది మీకు, మీ ఆఫీసుకు కాదు.

చుట్టాలు వెళ్లిపోయాక తలుపు వేసుకుని వారి మాటతీరును అనుకరించి నవ్వుకోవడం అన్ని ఇళ్లలో జరిగేదే, అలసట అలా కొంత తీరుతుంది కూడా. పిల్లలు వింటున్నప్పుడు మాత్రం ఆపండి, రేపు ఆ చుట్టాల ముందు ఆ నవ్వు ఆ పిల్లల ముఖంలోనే బయటపడుతుంది. ముందు ఇల్లాలిని కూర్చోబెట్టి, ఆమెకు ఎవరైనా వడ్డించండి. తరువాత అరువు తెచ్చిన సామాను సంగతి చూడండి. ఆ రోజు సాయంత్రం మా అమ్మ ఆ గ్లాసులను చింతపండుతో తోమించి, ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదని ఒక్కో దానిలో చారెడు మినప సున్ని వేసి, పెరటి దారినే నా చేత పంపింది.